సున్నా ముప్ఫై

భిలాయిలో గుప్తే-మెహెర్ కంపెనీ ఆసుపత్రిలో రికార్డు గది అన్నిటికన్నా చివర, సైకిళ్ల షెడ్డు పక్కన ఉండేది. అక్కడికి రోగులు రారు, వాళ్ల కాగితాలే వస్తాయి. అందుకే సోమవారం ఉదయం పదిన్నరకి ఒక ఆడమనిషి చీరకొంగు నడుముకి బిగించి గుమ్మంలో నిలబడేసరికి, ఆవిడ దారి తప్పిందనుకుంది మణిమాల.

"కాన్పుల వార్డు అటుపక్కనమ్మా," అంది తల ఎత్తకుండానే.

"నాకేటి కాన్పులు? ముగ్గురు పుట్టీసినారు, సాల్లే. ఇక్కడ నంబర్లేసే బాబు యవులు?"

"బాబు లేడు. నేనే వేస్తాను."

ఆవిడ మణిమాలని ఎగాదిగా చూసింది. పాతికేళ్లు నిండని పిల్ల, చేతికి గడియారం, మెడలో సన్నటి సిలువ, వేళ్లకి ఎర్ర పెన్సిలు రంగు. ఆ బాబుని తిట్టడానికి కూలీల క్యాంపు నుంచి దారిపొడుగునా కూడబెట్టుకొచ్చిన మాటలు ఒక ఆడపిల్ల ముందు పనికిరావని తెలిసి ఆవిడ ఒక్క క్షణం తికమకపడింది. రవికలోంచి నాలుగు మడతల సెలవు చీటీ తీసి బల్లమీద పరిచింది.

"ఇది నువ్వేసిందేనా?"

చీటీమీద పేరు గోవిందరావు. వేడి మరమ్మతు గ్యాంగులో, అంటే ఉక్కు కొలిమి చల్లారకముందే లోపలికెళ్లి ఇటుక మార్చే ముఠాలో, తాపీ మేస్త్రీ. పైన కుడిమూల ఎర్ర పెన్సిలుతో 030 అని ఉంది. మూడంకె నెత్తి గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉంది. బిలాస్‌పూర్ రైల్వే బళ్లో నేర్చిన నాటినుంచీ మణిమాల మూడంకె అలాగే వేస్తుంది.

"నేనే వేశాను," అంది.

ఈ నంబర్ల సంగతి తెలియకపోతే ఆవిడ కోపం అర్థం కాదు. లోకంలో ఉన్న ప్రతి రోగానికీ ఒక నంబరు పెట్టి పెద్ద పుస్తకం అచ్చువేశారు. టైఫాయిడ్‌కి 040, ఉబ్బసానికి 241. ఆసుపత్రుల వాళ్లు నెలనెలా పై ఆఫీసుకి లెక్క పంపాలంటే ఆ నంబర్లే వాడాలి. కంపెనీ వాళ్లు ఇంకాస్త తెలివి చూపించారు. సెలవు చీటీమీద రోగం పేరు రాస్తే మనిషికి గుట్టు ఉండదు కాబట్టి, నంబరు ఒక్కటే వేయమన్నారు. పెద్దమనిషి తరహా ఆలోచనే, కాదనను. కాని భిలాయి క్యాంపులో నాలుగు వేలమంది పక్కపక్క గదుల్లో బతుకుతున్నారన్న సంగతి మరిచిపోయారు. ఆరు నెలలు తిరక్కుండా క్యాంపులో చంటిపిల్లలకి కూడా నంబర్లన్నీ నోటికొచ్చేశాయి. 040 చీటీ పట్టుకెళ్లినవాడి ఇంటికి పక్కింటివాళ్లు బార్లీ నీళ్లు పంపేవారు. 241 వాడి గుమ్మం ముందు పొయ్యి రాజేసేవారు కాదు. 030 ని మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు. మూడు వేళ్లు చూపించి నవ్వేవారు. అది బజారు ఆడవాళ్ల దగ్గర అంటించుకునే సుఖరోగం నంబరు.

"మా ఆయనకి రొండు నెల్ల నుంచి ఒంటికెల్తే రగతం పడతంది," అంది ఆవిడ. పేరు అప్పలనర్సమ్మట. "సిలకడదుంప ఉడికించిన నీల్లలాగ ఎర్రగ. నొప్పికి నేలమీద దొర్లీసినాడు. డాక్టరు బాబు సూసినాడు, సీటీ ఇచ్చినాడు. ఆ సీటీ టైమాఫీసులో సూపించినకాడినుంచి మా లైన్లో నాను కుళాయికాడికెల్తే బిందెలు ఎనక్కి తీసీసుకుంటన్నారు. నా పిల్లడికి మూడు ఏళ్లు సూపించి ఎక్కిరించినారట. ఆడికేటి తెల్సు? ఇంటికొచ్చి నన్నే అడిగినాడు, అమ్మా మూడంటే ఏటని."

మణిమాల చేతిలో పెన్సిలు పక్కన పెట్టింది.

"మా ఆయనకి డూటీ, ఇల్లు, ఆదోరం నాడు పెద్దోడితో బంతాట. సారా ముట్టడు. ఎక్కడికెల్తాడు, ఎప్పుడెల్తాడు? నా మొగుడు నాకు తెల్దేటి? రొండుమార్లు అదే నంబరు పడిందట, నడవడిక బాగోనోడు పనికి పనికిరాడట. శెనివారం ఆఫీసుకి రమ్మన్నారు, పేరు కొట్టీడానికి. మా అన్న శంకరరావు కూడ శెనివారమే దిగుతన్నాడు, నన్నూ పిల్లల్నీ తోలుకుపోడానికి. ఊర్లో అందరికీ తెలిసిపోనాది. అదీ నువ్వేసిన నంబరు కత."

"డాక్టరుగారు ఏం రాస్తే దానికే నంబరు వేస్తామమ్మా," అంది మణిమాల. మాట పైకి వచ్చేశాక అందులో సగమే నిజం ఉందని ఆమెకే తెలిసింది.

"అయితే ఆ డాక్టరు మా ఆయనకి అదే రోగవని రాసినాడేటి? సూపించు."

"కాగితాలు బయటివాళ్లకి చూపించకూడదు. నేను చూస్తాను. శనివారం లోపల చూస్తాను."

అప్పలనర్సమ్మ చీటీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. నమ్మినట్టు లేదు. "సూడు మరి. నీకూ రేపు పెళ్లవుద్ది," అని వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక మణిమాల గోవిందరావు ఫైలు వెతికింది. 030 ఫైళ్లన్నీ ఎర్రగుడ్డలో మూటకట్టి కింద అరలో పెడతారు. డాక్టరు వాసుదేవరావు గారి పరుగు చేతిరాతలో ఒక్కటే మాట ఉంది, హిమచూరియా. అంటే మూత్రంలో రక్తం. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. దాని పక్కన ఆమె చేతి 030. మణిమాలకి చెవులు వేడెక్కాయి. ఈ మాటకి ఈ నంబరు ఎందుకు వేసిందో ఆమెకి బాగా తెలుసు. ఎదురుగా గోడకి కొట్టిన అట్టమీది జాబితా అలాగే చెప్పింది కాబట్టి.

*

ఆ జాబితా హెడ్‌గుమాస్తా రామమోహనరావుగారి సొంత సృష్టి. అందరూ ఆయన్ని బడేబాబు అనేవారు. సైన్యం ఆసుపత్రుల్లో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేసి, రిటైరై, ఇక్కడ చేరిన విజయనగరం మనిషి. పుస్తకం పేజీలు తిరగేస్తూ కూర్చుంటే రోజుకి పది ఫైళ్లు కావని, తరచూ వచ్చే అరవై రోగాలని ఒక అట్టమీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గోడకి కొట్టారు. దాన్ని చూసి వేస్తే రోజుకి వంద. పై ఆఫీసు వాళ్లు ఆయన్ని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. అందులో ముప్ఫై రెండో వరస ఇది: మూత్రంలో మంట, చీము, రక్తం - 030. యుద్ధం రోజుల్లో సిపాయిలకి మూత్రం బాధ వస్తే నూటికి తొంభైమందికి కారణం అదేనట. సైన్యంలో నిజమైంది క్యాంపులోనూ నిజమేనని ఆయన నమ్మకం.

అసలు పుస్తకం రెండు సంపుటాలు. గోధుమరంగు అట్టలు వేసి ఉక్కు బీరువాలో తాళం వేసి ఉంచారు. అది స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు. పేజీ చిరిగితే జవాబు చెప్పాల్సింది బడేబాబే. అందుకని అది ఏడాదికోసారి, విశ్వకర్మ పూజనాడు మాత్రమే బయటికొచ్చేది. ఫ్యాక్టరీలో క్రేన్లకీ గేజులకీ కుంకం పెట్టినట్టు, రికార్డు గదిలో టైపు మిషనుకీ ఈ పుస్తకానికీ కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మర్నాడు మళ్లీ లోపల పెట్టేసేవారు. మూడేళ్లలో దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు.

మంగళవారం పొద్దున్న మణిమాల అడిగింది.

"సార్, హిమచూరియాకి పుస్తకంలో ఏం నంబరుందో ఒకసారి చూద్దామా?"

బడేబాబు కళ్లజోడు మీదనుంచి చూశారు. "అట్టమీద లేదుటమ్మాయ్?"

"ఉంది. కాని రక్తం పడ్డంత మాత్రాన ఆ రోగమేనని డాక్టరుగారు రాయలేదు కదా సార్."

"వాళ్లు రాయరు. మర్యాదకి రాయరు. అర్థం చేసుకోవలసిన వాళ్లం మనం. నేను లాహోర్‌లో చూశాను, మీరట్‌లో చూశాను. ప్రతివాడూ నాకేం తెలియదనే అంటాడు." ఆయన తాళాలగుత్తి జేబులో వేసుకున్నారు. "అక్టోబరులో నీ ఉద్యోగం పర్మనెంటు చేయమని నేనే రాయాలి. బుద్ధిగా నీ పని నువ్వు చూసుకో. ఎల్లుండి పూజ. దుమ్ము దులిపే పని బోలెడుంది."

ఆయన చెడ్డవాడు కాదు. మణిమాల తండ్రి రైలు ఇంజను కింద పడి కాలు పోగొట్టుకుంటే, ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆమె తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్లింది. బుధవారమంతా ఫైళ్లకి నంబర్లు వేస్తూనే కూర్చుంది. మధ్యాహ్నం హిమచూరియా అని ఇంకో కాగితం వచ్చింది. అదీ వేడి మరమ్మతు గ్యాంగే, పేరు నరసింగరావు. పెన్సిలు ఎత్తింది, దించింది. ఆ ఫైలుని నంబరు వేయకుండా సొరుగులో పెట్టేసింది. ఆమె ఉద్యోగంలో చేరాక చేసిన మొదటి తప్పు అదే, లేదా మొదటి మంచిపని.

*

గురువారం, సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. క్యాంపు అంతా మైకుల మోత. ఆసుపత్రిలో అత్యవసరం తప్ప అన్నీ బందు. రికార్డు గదిలో బల్లమీద ఎర్రగుడ్డ పరిచి, టైపు మిషను, రెండు సంపుటాలు, పెన్సిళ్ల డబ్బా పెట్టారు. బడేబాబు పట్టుపంచె కట్టుకొచ్చి మంత్రాలు తనే చదివారు. సంపుటాలకి కుంకం, బంతిపూలు. కొబ్బరికాయ చక్కగా రెండు చెక్కలైంది. అందరికీ ప్రసాదం పంచి, ప్లాంటు పందిళ్లు చూడ్డానికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగారు.

"దీపం కొండెక్కేదాకా ఎవరో ఒకరు ఉండాలి. నువ్వు ఉంటావా మణీ? మీ మతానికి అభ్యంతరం లేదు కదా?"

"దీపానికేం అభ్యంతరం సార్, ఉంటాను."

"ఈరోజు పనిముట్టు ముట్టకూడదు. పెన్నూ పెన్సిలూ తీయకు."

అలాగేనంది. ఆయన వెళ్లారు. దీపం వెలుగుతోంది. పుస్తకం ఎదురుగా ఉంది, తాళం లేకుండా, కుంకంతో. మణిమాల గడియారం చూసుకుంది. చేతులు చీరకి తుడుచుకుంది. పెన్సిలు ముట్టనన్న మాట నిలబెట్టుకుంది. చదవనని మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేదు.

మొదట రెండో సంపుటం. అది అక్షరక్రమంలో ఉంటుంది. హెచ్ దగ్గరికి రావడానికి అతుక్కుపోయిన కొత్త పేజీలు ఒక్కొక్కటీ విడదీయాల్సొచ్చింది. హిమచూరియా. దాని ఎదురుగా 789. తప్పు చూశానేమోనని మొదటి సంపుటంలో ఆ నంబరు వెతికింది. కారణం తెలియని మూత్ర దోషాలు, అని ఉంది. కారణం తెలియనివి! ఇంత పెద్ద పుస్తకం రాసినవాళ్లు, లోకంలో ఉన్న రోగాలన్నీ ఎరిగినవాళ్లు, తెలియదని చెప్పడానికి కూడా ఒక నంబరు పెట్టారు. మూడేళ్లుగా ఈ గదిలో ఆ మాట చెప్పగలిగినవాళ్లు లేకపోయారు. మణిమాలకి ఒక్కసారి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుర్తుకి పెన్సిలు లేదు కాబట్టి బంతిపూరేక ఒకటి తుంచి ఆ పేజీలో పెట్టింది.

తరవాత ఎర్రమూట విప్పింది. ఇరవై ఏడు ఫైళ్లు. నేలమీద రెండు దొంతరలుగా పెట్టుకుంటూ పోయింది. డాక్టరు ఆ రోగమేనని స్పష్టంగా రాసినవి, సూక్ష్మదర్శినిలో క్రిములు కనబడ్డవి ఎడమపక్క. రక్తం తప్ప ఏమీ రాయనివి కుడిపక్క. ఎడమపక్క ఆరు. కుడిపక్క ఇరవై ఒకటి. ఆ ఇరవై ఒకటిలో పద్దెనిమిది మందిది ఒకే గ్యాంగు, వేడి మరమ్మతు. ఈ సంగతి ఏ డాక్టరుకీ తెలిసే అవకాశం లేదు. వాళ్లు ఒక్కొక్క మనిషినే చూస్తారు. అందరినీ ఒకచోట చూసేది ఈ గది ఒక్కటే.

గోవిందరావు ఫైలు వెనక విప్పని కవరు ఒకటి పిన్నుకి గుచ్చి ఉంది. రాయపూరు నుంచి వచ్చిన ఎక్స్‌రే. వచ్చేసరికి పది రోజులు పట్టింది, ఈలోపల ఫైలు ఎర్రమూటలోకి వెళ్లిపోయింది. ఎర్రమూటలో పడ్డవాణ్ణి డాక్టరు మళ్లీ చూడడు. కంపౌండరు వారంవారం పెన్సిలిన్ పొడుస్తాడు. ప్యూను కవరుని గుచ్చి వదిలేశాడు. మణిమాల విప్పింది. ఫిల్ముతో పాటు మూడు వాక్యాల నివేదిక. కుడి మూత్రనాళంలో రాయి, చిక్కుడు గింజంత.

పుస్తకంలో రాయికి 602. ఆ పేజీలో ఇంకో పూరేక పెట్టింది. అప్పటికి దీపం కొండెక్కి ఎంతసేపైందో ఆమె చూసుకోలేదు.

*

శుక్రవారం తొమ్మిదింటికి డాక్టరు వాసుదేవరావు గారి గది ముందు నిలబడింది. ఆయన ఎనభైమంది రోగులున్న వరసని చూస్తూ, "నంబర్లు నా పని కాదమ్మా. నేను రోగం రాస్తాను. అంకెలు మీరేసుకోండి," అన్నారు.

"రోగం కాదు సార్, మీరు లక్షణం రాశారు. మేం దాన్ని రోగం చేశాం." ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది.

ఆయన ఒక్క అడుగు ముందుకొచ్చారు. ఆ చిన్న తెల్లమచ్చని చూశారు, తేదీ చూశారు. "దీనికి ఐదు వారాల నుంచి పెన్సిలిన్ పొడుస్తున్నామా?" అన్నారు మెల్లిగా. తరవాత ఆయన అన్న మాట ఆసుపత్రిలో అనవలసింది కాదు. ఎవర్ని అన్నారో కూడా తెలియలేదు, తనని కూడా కలుపుకున్నట్టే ఉంది. ఇరవై ఒక్క ఫైళ్లూ తన బల్లమీద పెట్టమన్నారు.

బడేబాబుకి సంగతి తెలియడానికి అరగంట పట్టలేదు. ఆయన కేకలు వేయలేదు. అందుకే భయం వేసింది మణిమాలకి.

"పూజలో పెట్టిన పుస్తకం తెరిచావు."

"తెరిచాను సార్. పెన్సిలు ముట్టలేదు."

"ఇరవై ఒకటి మారిస్తే మూడేళ్ల లెక్కలు తప్పని ఒప్పుకున్నట్టు. నా చేత్తో సంతకాలు పెట్టిన లెక్కలు." కళ్లజోడు తీశారు. "ఈ వయసులో నన్ను వేలెత్తి చూపిస్తావా అమ్మాయ్?"

"వాళ్లని మూడు వేళ్లెత్తి చూపిస్తున్నారు సార్."

అలా అంటానని ఆమె కూడా అనుకోలేదు. బడేబాబు లేచి రెండు సంపుటాలూ బీరువాలో పెట్టి, తాళం వేసి, గుత్తి జేబులో వేసుకుని, కిటికీవైపు తిరిగి నిలబడ్డారు. ఆరోజు ఇంక ఆమెతో మాట్లాడలేదు.

*

శనివారం పదకొండింటికి వెల్ఫేర్ ఆఫీసరు గదిలో విచారణ. వరండాలో అప్పలనర్సమ్మ పిల్లలతో కూర్చుంది. పక్కన రేకు పెట్టెమీద ఆవిడ అన్న శంకరరావు, మధ్యాహ్నం బండి ఎప్పుడా అన్నట్టు రోడ్డు చూస్తున్నాడు. లోపల గోవిందరావు నిలబడి ఉన్నాడు. చేతులు, మొహం, కనుబొమలతో సహా కాలి రాగిరంగు తేలిన మనిషి. నేలకేసి చూస్తున్నాడు.

ఆఫీసరు ఉత్తరాది మనిషి. మంచీచెడ్డా పెట్టుకోకుండా కాగితం ప్రకారం పోయేవాడు. "రెండుసార్లు అదే నంబరు. రూలు స్పష్టంగా ఉంది. చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని హిందీలో అడిగాడు.

గోవిందరావు చేతులు జోడించాడు.

మణిమాల డాక్టరుగారి వెనకనుంచి ముందుకొచ్చింది. "సాబ్, ఆ నంబరు తప్పు. వేసింది నేను."

"నువ్వా? ఎవరు వేయమంటే వేశావు?"

గోడమీది అట్ట ఆమె కళ్లముందు మెదిలింది, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో సహా. అక్టోబరు కూడా మెదిలింది, ఇంట్లో కుర్చీలో కూర్చునే తండ్రి కూడా. "ఎవరూ చెప్పలేదు సాబ్. పుస్తకం చూడకుండా వేశాను. ఎర్ర పెన్సిలు నాది. ఒక్క ఇతనికే కాదు, ఇరవై ఒక్కమందికి వేశాం."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "డాక్టర్ సాబ్?"

"నిజమే. ఇతనికి రాయి. మిగతావాళ్లకి ఇంకా పరీక్షలు కావాలి. ఎవరికీ ఆ రోగం ఉన్న ఆనవాలు లేదు." వాసుదేవరావు గోవిందరావు వైపు తిరిగారు. "డ్యూటీలో ఎన్ని నీళ్లు తాగుతావు నాయనా?"

"ఒక లోటా బావు."

"ఎనిమిది గంటలకా? ఏం?"

"పొయ్యి లోపలికెల్లొచ్చి నీల్లు తాగితే గుండె పట్టీసి సచ్చిపోతారని మా గ్యాంగు పెద్ద మిస్త్రీ తాగనివ్వడు. ఒంటికి సుట్టుకునే గోనెపట్టా తడుపుకోడానికే నీల్లు. తాగడానికి కాదు. అది మా గ్యాంగు ఆచారవు."

"చావడం అటుంచు. లోపల ఒళ్లంతా ఎండిపోయి రాళ్లు కడుతున్నాయి," అన్నారు డాక్టరు, ఆఫీసరుకి అర్థమయ్యేలా హిందీలో.

ఆఫీసరు సందేహిస్తూ గడ్డం గోక్కున్నాడు. "ఇదంతా సరే. నా ఫైల్లో నంబరుంది. దాన్ని కొట్టేసి ఇంకోటి వేయాలంటే ఆధారం కావాలి. నోటిమాట కుదరదు. ఆ కితాబ్ ఎక్కడుంది?"

మణిమాల తల దించుకుంది. పుస్తకం బీరువాలో ఉంది. తాళం ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. ఇంత దూరం వచ్చి ఒక తాళం దగ్గర ఆగిపోయామే అనుకుంది.

"ఇదిగోండి," అన్నారు ఎవరో.

బడేబాబు గుమ్మంలో ఉన్నారు. రెండు సంపుటాలూ చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించి పట్టుకున్నారు. ఎప్పుడొచ్చారో, ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. లోపలికొచ్చి పుస్తకాలు బల్లమీద పెట్టారు. అట్టలమీది కుంకం ఆయన తెల్లచొక్కాకి అంటింది.

"నిన్న సాయంత్రం తెరిచాను," అన్నారు, ఆఫీసరుతో కాదు, మణిమాలతో. "నీ తప్పు పట్టుకుందామనే తెరిచాను. మూడు గంటలు చదివాను. దొరకలేదు."

వాడిపోయిన పూరేక ఉన్న చోట తెరిచి ఆఫీసరు వైపు తిప్పారు. వేలు పెట్టి వరస చూపించారు. రెండో పూరేక దగ్గర మళ్లీ చూపించారు. ఆఫీసరు రెండుసార్లు చదివాడు.

"ఈ అమ్మాయి ఎవరూ చెప్పలేదంది. అబద్ధం," అన్నారు బడేబాబు. ఆయన హిందీ సైన్యం హిందీ, ఖంగుమంటోంది. "గోడమీద జాబితా ఉంది. రాసింది నేను. అది చూసే వేయమన్నాను. రాయండి సాబ్, రామమోహనరావు పేరు రాయండి. స్పెల్లింగు నేను చెబుతాను."

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తరవాత కలం తీసి తన ఫైల్లోనూ గోవిందరావు చీటీమీదా 030 ని అడ్డంగా కొట్టేసి, పక్కన 602 వేసి, సంతకం పెట్టాడు. "పేరు ఉంటుంది. వైద్యం అయ్యేదాకా సెలవు. డాక్టర్ సాబ్, నీళ్ల సంగతి రాసివ్వండి, సోమవారం నుంచి గ్యాంగు దగ్గర నీళ్ల బండి పెట్టిస్తాను. మిస్త్రీ కాదంటే నా దగ్గరికి రమ్మనండి. ఈ నంబరు తప్పుగా పడి ఇదివరకే పేరు పోయినవాళ్లుంటే వాళ్లనీ తిరిగి తీసుకుంటాను." బడేబాబు పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.

గోవిందరావుకి ఇంకా అర్థం కాలేదు. మణిమాల దగ్గరకెళ్లి తెలుగులో చెప్పింది. "నీది రాయి అన్నా. కడుపులో చిక్కుడు గింజంత రాయి. అంతే." ఆ రాగిరంగు మొహం మెల్లిగా పైకి లేచింది. రెండు నెలల తరవాత ఎదుటివాళ్ల కళ్లలోకి చూడ్డం అదే మొదలనుకుంటాను. అతను ఏడ్చేశాడు, దాచుకోకుండా.

వరండాలోంచి అప్పలనర్సమ్మ గొంతు ఆఫీసు కప్పు ఎగిరేలా లేచింది.

"అన్నా! రాయంట! మా ఆయనకి రాయంట!"

"రాయైతే అంత సంబరవేటే?" అన్నాడు శంకరరావు బిత్తరపోయి.

"నీకేటి తెల్సు! రాయే! వట్టి రాయే! నువ్వొక్కడివే ఎల్లిపో బండికి, నాను రాను. కాదు, ఉండు, జిలేబీ తిని ఎల్దువు!"

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆవిడ బిందె పెట్టి, వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ జిలేబీ ముక్క చేతిలో పెట్టి, కొట్టేసిన అంకె, కొత్త అంకె రెండూ చూపించిందట. మొగుడి కడుపులో రాయి ఉందని జిలేబీ పంచిన ఆడమనిషి భిలాయిలో ఇంకొకరు ఉండరు. ఆ రాయి పది రోజులకి, లీటర్లకొద్దీ నీళ్లు తాగించాక, దానంతటదే పడిపోయింది.

*

సోమవారం రికార్డు గది కిటికీ ముందు మనుషులు వరసకట్టారు. రోగులు రాని గదికి అంతమంది రావడం చూసి ప్యూను కంగారుపడి బల్ల అడ్డం పెట్టాడు. వేడి మరమ్మతు గ్యాంగు మొత్తం వచ్చినట్టుంది. ఇన్నాళ్లూ తలుపుచాటున పేరు చెప్పినవాళ్లు ఇప్పుడు తండ్రి పేరుతో సహా గట్టిగా చెబుతున్నారు. నరసింగరావు ముందునే ఉన్నాడు. మణిమాల ఒక్కొక్క చీటీ రాసి ఇస్తోంటే పుచ్చుకుని, పక్కవాడి చీటీతో పోల్చి చూసుకుని, "మనది ఏడొందల ఎనబై తొమ్మిది రోయ్," అని భుజాలు చరుచుకుంటున్నారు.

వరస మధ్యలో చినబాబు అని క్రేను డ్రైవరొకడు వచ్చాడు. అతని ఫైలు ఎడమ దొంతరలోది.

"దీదీ, నాది కూడ మార్చీయండి."

మణిమాల కిటికీ చువ్వల దగ్గరికి వంగి, వాడికొక్కడికే వినబడేలా అంది. "నీది మారదు భయ్యా. అది సరైనదే. ఒక్క వారం కూడా మానకుండా సూది వేయించుకో, తగ్గిపోతుంది. తగ్గిందని డాక్టరుగారు రాస్తే ఆరోజే నేను రాసిస్తాను." వాడు తల గోక్కుని, సిగ్గుపడి, బుద్ధిగా కంపౌండరు గదివైపు నడిచాడు.

గోడమీద అట్ట లేదు. మేకు ఒక్కటే ఉంది. రెండు సంపుటాలూ మణిమాల బల్లమీద బార్లా తెరిచి ఉన్నాయి. ఆమెని పర్మనెంటు చేయమని రాసిన కాగితంలో బడేబాబు చివర ఒక వాక్యం చేర్చారు: బీరువా తాళం ఈమె వద్ద ఉండవలెను. ఆయన తన బల్ల దగ్గర కూర్చుని మూడేళ్ల లెక్కలు ఒక్కొక్క నెలా దిద్దుతున్నారు. తప్పు దిద్దిన ప్రతి చోటా పూర్తి సంతకం పెడుతున్నారు, పొట్టి సంతకం కాదు.

పన్నెండయ్యేసరికి ఇరవై చీటీలు అయిపోయాయి. ఒకటి మిగిలింది. పైడయ్య, తాపీ మేస్త్రీ.

"ఇతనేడీ?" అని అడిగింది మణిమాల.

వరసలో చివర ఉన్న ముసలి మేస్త్రీ చెప్పాడు. "ఆడు లేడమ్మా. మొన్న వేసవిలో పేరు కొట్టీసినారు కదా. ఊరెల్లిపోనాడు, చీపురుపల్లి పక్కన. ఇంట్లోకి రానిస్తన్నారో నేదో. అరుగుమీద పడుకుంటన్నాడని యవులో అన్నారు."

కిటికీ దగ్గర నవ్వులు ఆగిపోయాయి. మణిమాల ఆ ఫైలుని ముందుకి లాక్కుంది. దానిమీద 030, నెత్తి బల్లపరుపుగా ఉన్న మూడంకెతో. ఈ ఒక్కదానికీ జిలేబీ లేదు.

"పోస్టులో పంపుదాం సార్," అంది.

బడేబాబు సొరుగు లాగి పొడుగాటి ఆఫీసు కవరు తీశారు. "గుట్టుగా ఉండాలి కదా. సీలు వేద్దాం."

"వద్దు సార్. కవరైతే అతనొక్కడే చదువుతాడు. కార్డు రాద్దాం. పోస్టుమాన్ చదవాలి, వాళ్ల ఊళ్లో పదిమందీ చదవాలి."

ఆయన ఆమెకేసి చూశారు. కవరు లోపల పెట్టి, ఖాళీ కార్డు తీసి, బల్లమీద సరిచేసుకున్నారు. కలం సిరాలో ముంచారు. ముత్యాల్లాంటి అక్షరాలు మామూలుకన్నా పెద్దవిగా, చదువు అంతంతమాత్రం వచ్చినవాడు కూడా కూడబలుక్కునేలా, తెలుగులో రాయడం మొదలుపెట్టారు.

'పైడయ్యకి ఏ చెడ్డ రోగమూ లేదు. ఉందని రాసినది మా తప్పు. పనిలోకి మళ్లీ తీసుకొనుటకు వెల్ఫేర్ ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. వెంటనే బయలుదేరి రావలెను. అతనిని అరుగుమీద పడుకోబెట్టినవారు ఈ కార్డు చదివి లోపలికి తీసుకొనిపోవలెను.'

కింద పూర్తి పేరు, హోదా రాసి, ఆఫీసు ముద్ర గట్టిగా గుద్దారు.